మూడో వెలుగు

తమ్ముడి తొమ్మిది గంటల బస్సుకి ఏడున్నరకే సంచి ముందేసుకుని కూర్చుంది అక్క. తమ్ముడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. లోపలి గదిలో మంచం మీద బావ ఉన్నాడు, కుడికాలు మోకాలి కిందికి లేదు.

"...నాలుగు చొక్కాలు ఏ మూలకిరా? అక్కడ ఉతుక్కునే తీరిక ఉంటుందో లేదో. ఈ నీలంది కూడా పెడుతున్నా."

"అక్కా, సంచి మొయ్యాల్సింది నేను. నువ్వు కాదు."

"చెడ్డీలు ఎన్ని పెట్టుకున్నావు?"

"అక్కా!"

"ఏం అక్కా? ఆరేళ్ళప్పట్నుంచి నీ చెడ్డీలు లెక్కపెడుతున్నదాన్ని. పెద్ద మేస్త్రీవి అయ్యేసరికి సిగ్గొచ్చిందా?"

"బావ వింటాడు. మెల్లగా."

"విననీ. పోయింది కాలు, చెవులు కాదు. ఇదిగో, తువ్వాలు. ఇదిగో, సూదీ దారం. గుండీ ఊడితే ఎవరినీ అడక్కు, నువ్వే కుట్టుకో."

"సరే."

"వెళ్ళగానే ఫోన్ చెయ్యి."

"చేస్తా."

"ఒక్కటి చాలదు, బస్సెక్కగానే ఒకటి, దిగగానే ఒకటి."

"మధ్యలో ఒకటి వద్దా?"

"చెయ్యి, కాదన్నానా? నీకు వెటకారంగానే ఉంటుంది. గడప దాటిన మనిషి కనుమరుగయ్యేదాకా నా గుండె నా దగ్గర ఉండదు. నాకా జబ్బు ఉంది, ఏం చెయ్యను. అవునూ, టార్చేదీ?"

"నా జేబులో ఉంది. ఇదిగో."

"ఆ ఐదు వెలుగులదా? అది వద్దు. మీ బావ పాతది పట్టుకెళ్ళు. మేకుకి ఉంటుంది."

"ఆ ఇనప గూటమా? దానికంటే రోకలి మోసుకెళ్ళడం నయం."

"బరువుంటే ఉంది. నొక్కితే వెలుగుతుంది, నొక్కితే ఆరుతుంది. మనిషిని తికమక పెట్టదు."

"అక్కా, రోజూ ఇదే పాట. ఒక్కసారి నేను చెప్పేది విను. ఇలా చూడు. వెనక ఒకటే బొత్తాం. టక్కుమని గట్టిగా నొక్కితే వెలుగు. మళ్ళీ గట్టిగా నొక్కితే ఆరుతుంది. నీ పాతదానిలాగే."

"నా పాతదానిలాగే అయితే ఇదెందుకు?"

"ఆగు మరి. వెలుగుతుండగా మెల్లగా, సగమే నొక్కామనుకో, చప్పుడు రాదు, వెలుగు మారుతుంది. చూడు. ఇది మొదటిది."

"అబ్బా! కళ్ళు పోతాయిరా, తిప్పు అటు."

"ఇది రెండోది, నడవడానికి. ఇది మూడోది, చూశావా, సన్నం. కాగితం చదువుకోవడానికి. ఇది నాలుగోది, పక్కవాడి నిద్ర పాడవకుండా. ఇదిగో, ఇది ఐదోది. టపటపా కొట్టుకుంటుంది. ఇది ఆపదలో."

"ఆపదొస్తే నాలుగుసార్లు సగం సగం నొక్కితే గానీ అది రాదన్నమాట. అప్పటికి ఆపద వచ్చి, పని ముగించుకుని, వెళ్ళిపోయి ఉంటుంది."

"నీతో మాట్లాడ్డం నాది తప్పు."

"తప్పే. ఇంకేముంది దీనికి, వంట చేస్తుందా?"

"జ్ఞాపకం ఉంది."

"దేనికీ?"

"దీనికి. ఏ వెలుగులో ఉండగా ఆర్పామో గుర్తుపెట్టుకుంటుంది. నెల తర్వాత వెలిగించినా అదే వెలుగులో వస్తుంది."

"నీకంటే నయం. నిన్న ఉప్పు తెమ్మంటే సబ్బు తెచ్చావు."

"ఇంత మంచి వస్తువుని మన సొరంగం పనికి తెప్పించింది నేనక్కా. ఇంజనీరు ముందు నిలబడి, ఒక్కొక్కటీ వెలిగించి చూపించి, ఏడుగురికి ఏడు ఇప్పించాను. ఇవాళ నాకు కొత్తచోట పెద్ద మేస్త్రీ పని వచ్చిందంటే అందుకే."

"సంతోషం. అయినా పాతది పట్టుకెళ్ళు, దారిలో ఇది మొరాయిస్తే అదుంటుంది. ఉండు, తెస్తా... ఒరేయ్."

"ఊఁ."

"మేకుకి లేదు."

"ఏది?"

"ఏదేంటి? టార్చి. మేకుకి లేదు."

"ఎక్కడో పెట్టుంటావు."

"నేను దాని జోలికే పోలేదు."

"ఎవరైనా పట్టుకెళ్ళారేమో. పక్కింటివాళ్ళు అడిగుంటారు."

"పక్కింటివాళ్ళు సూది అడిగినా నాతో చెప్పి పట్టుకెళ్తారు. మీ బావకి దెబ్బ తగిలిన రోజు ఇక్కడే ఉందిరా. నీ కేక విని చెప్పుల్లేకుండా పరిగెత్తాను కదా, తలుపు విసురుగా తోస్తే మేకుకున్న టార్చి గోడకి కొట్టుకుని టంగుమంది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది."

"ఆ గాభరాలో నీకేం గుర్తుంటుంది?"

"నాకు గుర్తుండక ఎవరికి గుర్తుంటుంది? ఆయనకా?"

"ఏమే, మంచం మీదికి వినపడుతోంది, ఏంటా వెతుకులాట?"

"ఏం లేదండీ. మీ పాత టార్చి కనపడ్డం లేదు."

"నన్నడిగితే ఏం లాభం? సొరంగం నూతిలోకి దిగడం గుర్తుంది, ఆసుపత్రి పైకప్పు గుర్తుంది. మధ్యలో అంతా తుడిచేసినట్టు ఉంది. బావమరిది ఉన్నాడా, వెళ్ళాడా?"

"ఇక్కడే ఉన్నాను బావా. తొమ్మిదింటికి బస్సు."

"పదకొండుకి ఆఫీసువాళ్ళు ఇంటికొస్తారట కదా, కాగితం పట్టుకుని. నువ్వుంటే బాగుండేది."

"నేను చెప్పాల్సింది ముందే చెప్పేశాను బావా, రాసుకున్నారు. నువ్వు సంతకం పెడితే చాలు."

"పెడతా. పెట్టేస్తే ఓ పనైపోతుంది."

"పెట్టకండి! ఎన్నిసార్లు చెప్పాలి మీకు? మీరు సైగ చెయ్యలేదని ఉంది ఆ కాగితంలో. కింద గోడ పెచ్చు ఊడుతుంటే చూస్తూ నిలబడి, తాడు లాగమని సైగ చెయ్యలేదని, అజాగ్రత్త మీదేనని. దానికింద మీ పేరు రాస్తారా?"

"చేసుంటే వీడు లాగేవాడు కదే. పైన తాడు దగ్గరున్నది ఎవరో పరాయివాడా? నీ తోడబుట్టినవాడు. కింద నీళ్ళ హోరులో కేకలు వినపడవు, ఉన్నది టార్చి ఒక్కటే. వెలుగు ఒకసారి ఆరితే ఆగు. రెండుసార్లు ఆరితే లాగు. మూడుసార్లు ఆరితే వదులు. ఇరవై రెండేళ్ళుగా అదే. రెండంటే రెండు నొక్కులు. పసిపిల్లాడు నొక్కుతాడు. నేను నొక్కలేకపోయాను."

"నొక్కారు."

"నువ్వు చూశావా?"

"నిద్దట్లో మీ బొటనవేలు చూస్తున్నాను, నాలుగు నెలలుగా. దుప్పటి మీద నొక్కుతూనే ఉంటుంది. రెండు. కాసేపు ఆగి, మళ్ళీ రెండు."

"ఇప్పుడు నొక్కితే ఏం లాభమే. అప్పుడు నొక్కాల్సింది."

"వింటున్నావుగా, చూడు. ఇదీ వరస. కాలు పోయినందుకు కాదురా ఈయన బాధ. తనమీద తనకే నమ్మకం పోయింది. మొన్న గ్లాసుడు మంచినీళ్ళు తాగి, 'నేను తాగానా' అని నన్నడిగారు."

"అక్కా, టైమవుతోంది. సంచి మూసెయ్యి."

"మూస్తున్నా. ఇంకో జత మేజోళ్ళు పైన పెడతా. ఉన్నవి ఎక్కడ పెట్టావు, అడుగునా? అదేంటిది, ఈ మేజోడు రాయిలా ఉంది?"

"అది ముట్టుకోకు!"

"అరవకు. ఏం పెట్టావు దీన్లో?"

"నాది. నా వస్తువు. ఇలా ఇవ్వు. అక్కా, ఇవ్వు అంటున్నానా."

"చెయ్యి తియ్యి. ఒరేయ్, చెయ్యి తియ్యి. ఇది..."

"నాదే. ఇంకొకటి కొనుక్కున్నాను."

"దీని మీద ఏడో నంబరుంది, మీ బావది."

"అన్నిటి మీదా ఏదో ఒక నంబరుంటుంది."

"ఈ సైకిలు ట్యూబు ముక్క చుట్టింది ఎవరు? తడిచేతికి జారుతోందని ఆయనంటే, ట్యూబు కత్తిరించి చుట్టి, ముడేసి, ఆ ముడి లోపలికి తోసింది నేను. ఇదిగో ముడి. నీళ్ళల్లో కొట్టుకుపోయిందన్నావు. ఎంత వెతికినా దొరకలేదన్నావు. ఆసుపత్రి వరండాలో నా చెయ్యి పట్టుకుని అన్నావు."

"తర్వాత దొరికింది."

"ఎప్పుడు?"

"తర్వాత. బురద తీస్తుంటే."

"బురదలో దొరికినదానికి ట్యూబు సందుల్లో కూడా మట్టి లేదేం?"

"కడిగాను."

"కడిగి, మేజోట్లో దాచి, నూట యాభై మైళ్ళు తీసుకుపోతున్నావా?"

"ఏమైందే? ఏంటా గొణుగుడు?"

"ఏం లేదండీ. సంచి జిప్పు పట్టేసింది."

"కొవ్వొత్తి రుద్దు, జారుతుంది."

"అలాగేనండీ... మెల్లగా చెప్పు. నా దగ్గరికొచ్చి చెప్పు. ఇది నీ దగ్గరుంటే, ఆఫీసువాళ్ళు అడిగినప్పుడు ఏ టార్చి ఇచ్చావు? మీ బావ చేతిలో ఉన్నదని ఏది పెట్టావు వాళ్ళ బల్ల మీద?"

"అక్కా..."

"పాతదే కదా? మా మేకుకి ఉన్నదే కదా? నేను ఆసుపత్రిలో నేలమీద కూర్చుని ఏడుస్తుంటే, 'తాళం ఇవ్వు అక్కా, బావకి బట్టలు తెస్తా' అన్నావు. బట్టలకి వచ్చావు, టార్చి తీశావు."

"ఆ రోజు కాదు. మర్నాడు."

"మహానుభావుడివి. మర్నాడు!"

"దాన్ని నొక్కకు. అక్కా, నొక్కకు."

"ఎందుకు నొక్కకూడదు? గట్టిగా నొక్కితే వెలుగు, నువ్వే కదా చెప్పావు. ఇదిగో. ఇంత సన్నంగా ఉందేం?"

"బ్యాటరీ అయిపోయింది. నాలుగు నెలలైంది కదా. ఇలా ఇవ్వు."

"బ్యాటరీయా? నీది తియ్యి జేబులోంచి. తియ్యి. దీని పక్కన పెట్టు. వెలిగించు. ఐదో దాంట్లో ఆపావుగా, సగం నొక్కు. ఆఁ, మొదటిది. ఇంకోసారి. రెండోది. ఇంకోసారి. ఆగు! అక్కడ ఆగు. గోడ మీద చూడు, రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ఇది ఎన్నో వెలుగు?"

"అక్కా, బస్సు..."

"ఎన్నో వెలుగురా?"

"మూడు."

"నూతిలోకి దిగేటప్పుడు ఎన్నో దాంట్లో దిగుతారు?"

"మొదటిది. అందరూ మొదటిదే."

"మొదటిది మూడోది అవ్వాలంటే ఎన్నిసార్లు నొక్కాలి? సగం నొక్కులు, ఎన్ని? నోరు తెరు."

"రెండు."

"రెండు."

"అక్కా, కూర్చో. పడిపోతావు. కూర్చో ముందు."

"నొక్కారు. రెండుసార్లు నొక్కారు. పాతదానికి మెల్లగా తాకితే చాలు, వెలుగు ఆరి వస్తుంది. ఇరవై రెండేళ్ళ చెయ్యి అది, మెల్లగానే నొక్కుతుంది. అలా నొక్కితే దీనికి వెలుగు ఆరదని, తగ్గుతుందని ఆయనకి ఎవరూ చెప్పలేదా?"

"అందరికీ నేర్పాను. ఓ పూటంతా కూర్చోబెట్టి, గట్టిగా నొక్కాలి, సైగకి గట్టిగా నొక్కాలి అని. ఆ రోజు బావ రాలేదు. నీకు జ్వరమని ఇంట్లో ఉండిపోయాడు."

"నా జ్వరం మీదికి తొయ్యకు."

"తొయ్యట్లేదు. ఇంటికొచ్చి చెప్తాలే అనుకున్నాను. ఇవాళ, రేపు అనుకున్నాను. నేర్చుకున్నట్టు ఏడుగురూ పుస్తకంలో సంతకాలు పెట్టాలి. ఇంజనీరు ఆ సాయంత్రానికే కావాలన్నాడు. బావ పేరు దగ్గర నేనే పెట్టేశాను."

"ఆయన సంతకం నువ్వు పెట్టావు."

"రోజూ తినేది ఒక్క కంచం దగ్గర, బావే కదా అనుకున్నాను."

"పైనుంచి ఏం చూశావు? ఆ రోజు. నిజం చెప్పు. నాలుగు నెలలుగా ఏమీ కనపళ్ళేదంటున్నావు."

"వెలుగు తగ్గింది. అంతలోనే ఇంకా తగ్గింది. బావ సొరంగం లోపలికి నడుస్తున్నాడేమో, దూరమైపోతున్నాడేమో అనుకున్నాను. అందుకని..."

"అందుకని?"

"తాడు వదిలాను. ఇంకో పది అడుగులు."

"లాగమంటే వదిలావా?"

"నాకేం తెలుసక్కా? నాకేం తెలుసు? పైకి తెచ్చినప్పుడు టార్చి ఇంకా చేతిలోనే ఉంది. వేళ్ళు విడదీసి నేనే తీశాను. మూడో వెలుగులో వెలుగుతోంది. అప్పుడు తెలిసింది. ఆర్పి జేబులో పెట్టుకున్నాను."

"మరి ఎందుకు పారెయ్యలేదు? నిన్ను పట్టించే వస్తువుని ఎందుకురా దాచుకున్నావు?"

"వంతెన మీదికి రెండుసార్లు వెళ్ళాను. చెయ్యి రాలేదు."

"విను. తాడు వదలడం పొరపాటు. ఎవరైనా వదులుతారు. నేర్పకపోవడం తప్పు, బతిమాలుకుంటే మీ బావ నవ్వి వదిలేసేవాడు, ఆయన సంగతి నీకు తెలుసు. కానీ నాలుగు నెలలు! ఆ గదిలో మనిషి 'నేను నొక్కలేదేమో, నేను నొక్కలేదేమో' అని గోడవైపు తిరిగి ఏడుస్తుంటే పక్కన కూర్చుని బత్తాయి వలిచి పెట్టావు. ఎలా పెట్టావురా? ఏ చేత్తో పెట్టావు?"

"చెప్తే నా పని పోతుంది. పోలీసు కేసు అవుతుంది. కొత్తచోట పెద్ద మేస్త్రీ అన్నారు. జన్మలో ఒక్కసారి నాకు..."

"పోనీ, పని పోనీ. ఆయనకి తన మీద నమ్మకం తిరిగొస్తుంది. నాకది చాలు. పదకొండుకి వాళ్ళొస్తారు. నువ్వుండాలి. ఈ టార్చి వాళ్ళ చేతిలో పెట్టి, ఇప్పుడు నాతో అన్నదంతా అనాలి."

"అంటే, నన్ను లోపలికి తోయిస్తావా అక్కా?"

"జైలుకి నేనే వచ్చి అన్నం పెడతా. రోజూ వస్తా. ఈ సంచి ఎంత జాగ్రత్తగా సర్దానో అంత జాగ్రత్తగా ఆ సంచీ సర్దుతా. ముందు నిజం చెప్పు. ఏడవకు. నువ్వేడిస్తే నాకు ఆరేళ్ళ పిల్లాడే కనపడతాడు. ముక్కు తుడుచుకో. ఇదిగో."

"ముందు బావకి చెప్తాను."

"చెప్తావా?"

"చెప్తాను. వాళ్ళకంటే ముందు ఆయనకే చెప్పాలి. నువ్వు రాకు. నువ్వు పక్కనుంటే నాకు నోరు పెగలదు. నన్నొక్కణ్ణే వెళ్ళనీ. టార్చి ఇవ్వు, చూపించి చెప్తాను."

"నేనూ వస్తా."

"నా మీద నమ్మకం లేదా?"

"లేదనలేదే."

"పెంచినదానివి. ఈ ఒక్కటీ నన్ను మగాడిలా చెయ్యనీ అక్కా."

"సరే. ఇదిగో. ఆర్పేశాను, గట్టిగానే నొక్కాను. వెలిగించాక సగం నొక్కకు. నొక్కావంటే వెలుగు మారిపోతుంది."

"అందరికీ నేర్పినవాడికి నువ్వు నేర్పుతున్నావా?"

"వెళ్ళు, నాన్నా. భయపడకు. ఆయన నిన్నేమీ అనరు."

తమ్ముడు లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. అక్క ఇవతలే, గోడకి చెయ్యి ఆనించి నిలబడింది.

"బావా, లేచున్నావా?"

"ఎక్కడ పడుకుంటాను. రా, కూర్చో. కళ్ళు ఎర్రగా ఉన్నాయేం? మీ అక్క ఏడిపించిందా? ఎవరు ఊరెళ్ళినా అంతే. పాలవాడు రెండు రోజులు రాకపోతే దిగులుపడిన మనిషి."

"బావా, నీకొకటి చూపించాలి. వెళ్ళేముందు చూపించకపోతే నాకు నిద్రపట్టదు."

"ఏంటది? అరె, ఇది నాదే. మీ అక్క చుట్టిన రబ్బరు! నీళ్ళల్లో పోయిందన్నారు కదా?"

"పోలేదు. నేనే దాచాను."

"ఎందుకురా?"

"నీ కోసం బావా."

"నా కోసమా?"

"ఈ టార్చికి జ్ఞాపకం ఉంటుంది. ఏ వెలుగులో ఆర్పితే అదే వెలుగులో వస్తుంది. చేత్తో పట్టుకో. గట్టిగా నొక్కి చూడు."

"ఇదిగో... అమ్మో, కళ్ళు చెదిరిపోతున్నాయి."

"మొదటి వెలుగు బావా. దిగేటప్పుడు ఏది పెట్టుకుని దిగావో అదే. మెల్లగా నొక్కినా మారిపోయేది. గట్టిగా నొక్కి ఉంటే నాకు పైనుంచి కనపడేది. నువ్వు అసలు నొక్కనే లేదు. ఇది ఆఫీసులో ఇస్తే వాళ్ళకీ తెలిసిపోతుంది. నీ పరువేం కావాలి? అందుకని నీ పాతది మేకునుంచి తీసి వాళ్ళకిచ్చాను. పాతది కదా, స్విచ్చి పట్టేసిందేమో అని ఎవరైనా అనుకుంటారు. నీ మీద మాట తేలికవుతుంది. దీన్ని దారిలో ఏట్లో పడేద్దామని సంచిలో పెట్టుకున్నాను. అక్క చూసేసింది."

"నా కోసం ఇంత చేశావా? నీ ఉద్యోగం పోయేది కదరా."

"అబద్ధం! ఏమండీ, అబద్ధం! అది మూడో వెలుగులో ఉంది. ఇప్పుడే, ఇక్కడే, ఆ గోడమీద పెట్టి నా కళ్ళతో చూశాను. వీడు తలుపు దాటేలోపు చొక్కా మాటున వెలిగించి, మూడుసార్లు సగం నొక్కి మార్చాడు. ఒరేయ్, దాన్ని మార్చావు నువ్వు!"

"అక్కా, తలుపు విసిరి కొట్టకు. బావకి తల తిరుగుతుంది."

"మీరు నొక్కారండీ. రెండుసార్లు నొక్కారు. వీడు ఒప్పుకున్నాడు. వెలుగు తగ్గడం చూశానన్నాడు, తాడు వదిలానన్నాడు. పుస్తకంలో మీ సంతకం కూడా వీడే పెట్టాడట. మీకా టార్చి సంగతి నేర్పనే లేదట!"

"నేర్పాను కదా బావా. ఈ గదిలోనే, ఈ మంచం మీదే కూర్చుని నేర్పాను. గట్టిగా నొక్కితే సైగ, మెల్లగా నొక్కితే వెలుగు మారడం. గుర్తు లేదూ?"

"ఏమోరా... నేర్పే ఉంటావు. నాకేదీ నిలవడం లేదు."

"గుర్తు లేని మనిషికి గుర్తు చేస్తున్నావా? నా మొహం చూసి చెప్పు. ఒరేయ్, ఇటు తిరుగు. నా మొహం చూసి చెప్పు."

"బస్సుకి టైమవుతోంది అక్కా."

"ఏమే, వాణ్ణి వదులు. చొక్కా వదులు ముందు."

"మీరు నన్ను నమ్మరా?"

"నిన్ను నమ్మకేం? నా మీద నీకున్న ప్రేమ నాకు తెలీదా? నాలుగు నెలలుగా 'మీరు నొక్కారు, మీరు నొక్కారు' అని నా తల నిమురుతూనే ఉన్నావు. నేను విన్నాను, బాగుంది వినడానికి. కానీ వెలుగు ఎదురుగా కనపడుతోంది. నన్ను బాగు చెయ్యడానికి నీ తమ్ముణ్ణి దొంగని చెయ్యకు."

"ఏమండీ..."

"చాల్లే. బావమరిదీ, ఇది నువ్వే పట్టుకెళ్ళు, అనుకున్నట్టే పడేసెయ్యి. నాకు కనపడనివ్వకు. ఆ కిటికీలో కలం ఉంది, అందుకుని నాకివ్వు. వాళ్ళొచ్చేసరికి చేతిలో పెట్టుకునుంటా. నువ్వు వెళ్ళిరా."

"ఒరేయ్... బస్సెక్కగానే..."

"చేస్తానక్కా."

తమ్ముడు వెళ్ళింది మార్చి పదో తారీకు, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల బస్సుకి. ఫోన్ రాలేదు. ఆ తర్వాత అతను ఆ గడప తొక్కలేదు.